మోచేతి నొప్పి, ఎంట్రీ ఫీజు, 10 మీటర్ల పట్: ఒక డిస్క్ గోల్ఫ్ ఆటగాడి కేసు

నేను అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం షార్లెట్‌లో స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుని. భుజం, మోచెయ్యి కేసులే ఎక్కువగా చూస్తాను. బేస్‌బాల్ పిచర్లు, టెన్నిస్ ఆడేవాళ్లు మొదటినుంచీ వస్తున్నారు. 2020 తర్వాత డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లు కూడా అంతమందీ రావడం మొదలైంది. ఈ ఊళ్లో ఆ ఆటకున్న ఆదరణ అలాంటిది. హార్నెట్స్ నెస్ట్, రినైసెన్స్, నెవిన్, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బ్యాలంటైన్ పక్కన ఈలాన్ పార్క్, ఇలా ఏ దిక్కుకి వెళ్లినా ఒక కోర్సు ఉంటుంది. దక్షిణంగా రాష్ట్రం సరిహద్దు దాటితే రాక్ హిల్. అక్కడ విన్‌త్రప్ యూనివర్సిటీలో 1999 నుంచి యునైటెడ్ స్టేట్స్ డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ జరుగుతోంది.

ఇక్కడ రాస్తున్నది ఈ ఆటలో ప్రొఫెషనల్‌గా నిలబడాలనుకున్న 22 ఏళ్ల తెలుగు అబ్బాయి కేసు. అతని అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను. మోచేతి నొప్పితో వచ్చాడు కాబట్టి మోచేతి కేసుగానే రాయొచ్చు. కానీ ఆ నొప్పికి కారణాలు వెతుకుతూ పోతే సగం అతని బ్యాంకు ఖాతాలో, సగం అతని టోర్నమెంటు క్యాలెండర్లో దొరికాయి. పైకి రావాలనుకునే ఆటగాళ్లందరికీ వర్తించే విషయం ఇది. అందుకే వివరంగా చెబుతున్నాను.

ఆట తెలియనివాళ్లకు ముందు కొంచెం చెప్పాలి. గోల్ఫ్‌లాగే 18 హోల్స్ ఉంటాయి. బంతి బదులు డిస్క్, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. టీ దగ్గర నుంచి, అంటే ఆ హోల్ మొదలయ్యేచోటు నుంచి విసిరి, పడినచోటు నుంచి మళ్లీ విసిరి, బుట్టలో వేసేదాకా ఎన్ని త్రోలు పట్టాయో లెక్కపెడతారు. తక్కువ త్రోలతో ముగించినవాడు గెలుస్తాడు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. మరుసటి ఏడు పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) అనే సంఘం పెట్టాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన తెచ్చిందే. ఇప్పుడు ప్రపంచంలో 15,000కు పైగా కోర్సులున్నాయి, వాటిలో చాలావాటికి ప్రవేశ రుసుము కూడా లేదు. ఆడడం మొదలుపెట్టడం ఇంత తేలికైన ఆట ఇంకోటి లేదు. ప్రొఫెషనల్ అనిపించుకోవడమూ తేలికే, ప్రో విభాగంలో ఆడి బహుమతి డబ్బు తీసుకుంటే చాలు. దానిమీద బతకడం మాత్రం పూర్తిగా వేరే సంగతి.

వచ్చినప్పటి పరిస్థితి

తల్లిదండ్రులది తెనాలి ప్రాంతం. నాన్నగారు ఇక్కడి ఒక బ్యాంకు ఐటీ విభాగంలో చేస్తారు. అబ్బాయి ఇక్కడే పుట్టాడు. 2021లో ఆగ్డెన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి హోల్లో జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల దూరం నుంచి నేరుగా బుట్టలోకి విసిరి, పాల్ మెక్‌బెత్‌తో సమం చేసి, ప్లేఆఫ్‌లో గెలిచాడు. హైస్కూల్లో ఉండగా ఆ వీడియో చూసిన రోజునుంచి వీడికి వేరే ధ్యాస లేదు. రెండేళ్లు అమెచ్యూర్‌గా బాగా ఆడాడు. ఆ విభాగంలో గెలిస్తే డబ్బు ఇవ్వరు, డిస్కులో, షాపు క్రెడిటో ఇస్తారు. గది నిండా డిస్కులు పోగయ్యాయి. నా దగ్గరకు రావడానికి ముందు వసంతంలో ప్రో విభాగానికి మారాడు.

నేను చూసేనాటికి అతని పీడీజీఏ రేటింగ్, అంటే ఆట స్థాయిని చెప్పే అంకె, 962. మంచి టీ త్రో 400 అడుగులు, అంటే 120 మీటర్లు పోతుంది. కుడిచేతి ఆటగాడు. మూడు నెలలుగా కుడి మోచెయ్యి లోపలివైపు నొప్పి. మొదట రౌండు అయ్యాక వచ్చేది, తర్వాత రౌండు మధ్యలో, ఇప్పుడు పాలడబ్బా ఎత్తినా వస్తోంది. వారంలో ఒకటి రెండు రాత్రులు చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందని నేను అడిగితేగాని చెప్పలేదు. ఆ ఒక్క మాటతో ఈ కేసు మీద నా శ్రద్ధ రెట్టింపయింది. మోచెయ్యి లోపలివైపు ఎముక బుడిపె వెనకనుంచి వెళ్లే అల్నార్ నరం ఒత్తిడికి గురైతే ఆ వేలు తిమ్మిరెక్కుతుంది.

వాళ్లమ్మగారు కూడా వెంట వచ్చారు. ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది. "మేడమ్, వీడు డిస్కులు విసిరి బతుకుతానంటున్నాడు. అసలు ఆ చెయ్యి నిలుస్తుందా?"

పరీక్షలో కనిపించింది

ఎముక బుడిపెకి కాస్త కిందుగా, మణికట్టు వంచే కండరాలు పుట్టేచోట నొక్కితే నొప్పి. నా చేతికి ఎదురుగా మణికట్టు వంచమన్నా, అరచెయ్యి కిందికి తిప్పమన్నా అదేచోట నొప్పి. పిడికిలి బలం ఎడమచేతి కంటే కుడిచేతికి తక్కువ. కుడిచేతివాటం మనిషిలో అలా ఉండకూడదు. ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ మీద ఒత్తిడి పెట్టి చూసే పరీక్షలో స్పష్టంగా ఏమీ తేలలేదు. అందుకని స్పోర్ట్స్ ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పంపితే ఎంఆర్‌ఐ తీయించారు. లిగమెంట్ బాగానే ఉంది. కండరాన్ని ఎముకకి కలిపే టెండన్ మాత్రం మొదలు దగ్గర అరిగి, మందంగా తయారైంది. గోల్ఫర్స్ ఎల్బో అని అందరూ పిలిచేది దీన్నే. లిగమెంట్ తెగి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

ఈ ఆటలో గాయాలు అరుదేమీ కాదు. 2015లో ఒక ఆర్థోపెడిక్ పత్రికలో వచ్చిన సర్వేలో 883 మంది ఆటగాళ్లను అడిగితే 81 శాతానికి పైగా ఏదో ఒక గాయం అయిందన్నారు. మొదటి స్థానం మోచేతిది, తర్వాత భుజం, నడుము, మోకాలు. 175 గ్రాముల ప్లాస్టిక్ పళ్లెం ఏం గాయం చేస్తుందని చాలామంది అనుకుంటారు. గాయం చేసేది బరువు కాదు. దాన్ని ఆ వేగంతో వదలడానికి ఒళ్లంతా తిరిగి చటుక్కున ఆగాలి, ఆ ఆగడంలోనే అసలు భారం పడుతుంది.

అతను విసరడాన్ని ఫోన్లో స్లో మోషన్ వీడియో తీశాను. బ్యాక్‌హ్యాండ్ చూడముచ్చటగా ఉంది. వెనక్కి చాచి, ఛాతీ పక్కనుంచి లాగి, కుడికాలు గట్టిగా ఆనించి తిరుగుతున్నాడు. సమస్యంతా ఫోర్‌హ్యాండ్‌లో ఉంది. ఫోర్‌హ్యాండ్‌లో అరచెయ్యి ఆకాశంవైపు ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు డిస్క్ లోపలి అంచుకి ఆనించి, మోచెయ్యి ముందుండగా ముంజెయ్యి వెనకనుంచి కొరడాలా వచ్చి, చివర్లో మణికట్టు విదిలిస్తే డిస్క్ వెళ్తుంది. ఆ విదిలింపుకి ముందు ఒక క్షణం మోచెయ్యి లోపలివైపు మొత్తం సాగదీసినట్టవుతుంది. బాగా విసిరేవాళ్లలో నడుము, తుంటి ముందే తిరిగి ఆ పనిలో సింహభాగం తీసుకుంటాయి. ఇతని తుంటి సగంలో ఆగిపోతోంది, మిగతా పని చెయ్యే చేసుకుంటోంది.

బల్ల మీద పడుకోబెట్టి కొలిస్తే కారణం తెలిసింది. కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ విసిరేటప్పుడు ఆనించే కాలు ఎడమది. ఆ ఎడమ తుంటి లోపలివైపు తిరగడం కుడిదాంతో పోలిస్తే దాదాపు సగమే. హైస్కూల్లో ఎడమ చీలమండ రెండుసార్లు బెణికిందట, అప్పుడు ఎవరికీ చూపించలేదు. బ్యాక్‌హ్యాండ్‌లో కుడికాలు ఆనిస్తాడు కాబట్టి ఇన్నాళ్లూ ఆ లోపం బయటపడలేదు.

మరి ఫోర్‌హ్యాండ్ అంతగా ఎందుకు విసురుతున్నాడు? కరోలినా కోర్సులన్నీ అడవే. పైన్ చెట్ల మధ్య సన్నటి దారులు, కుడికి తిరిగేవి కొన్ని, ఎడమకి తిరిగేవి కొన్ని. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ చివర్లో ఎడమకి వాలుతుంది, ఫోర్‌హ్యాండ్ కుడికి వాలుతుంది. రెండూ లేకపోతే ఇక్కడ ప్రో విభాగంలో నెగ్గుకురావడం కష్టమని అతనికి అర్థమైంది. ఆ మాట నిజమే. అందుకని శీతాకాలమంతా మైదానంలో ఫోర్‌హ్యాండ్ సాధన చేశాడు. సంచిలో ఉన్న డిస్కులన్నీ విసరడం, వెళ్లి ఏరుకురావడం, మళ్లీ విసరడం. ఒక రౌండులో 55, 60 త్రోలుంటే వాటిలో గట్టిగా విసిరేవి సగం కూడా ఉండవు. ఇతను ఒక్క సాయంత్రం సాధనలో రౌండుకి మించి అన్నీ గట్టివే విసురుతున్నాడు.

అయినా నాకు లెక్క కుదరలేదు. వారానికి విసిరే త్రోలన్నీ కాగితం మీద వేసినా, ఆ టెండన్ అంత అరగడానికి సరిపోవు. "రాత్రిపూట ఏం చేస్తావు?" అని అడిగాను. వారానికి నాలుగు రాత్రులు ఒక గోదాములో పార్సిళ్లు ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు. శని, ఆదివారాలు టోర్నమెంట్లకి ఖాళీ కావాలి, అలా ఖాళీ ఇచ్చే ఉద్యోగం అదొక్కటే దొరికింది. గంటల తరబడి పెట్టెలు వేళ్లతో పట్టుకుని ఎత్తడం. డిస్క్ విసిరేటప్పుడు పనిచేసే టెండనే పెట్టె పట్టుకునేటప్పుడూ పనిచేస్తుంది. ఎంట్రీ ఫీజులు కట్టడానికి చేస్తున్న ఉద్యోగమే అతని మోచేతిని తినేస్తోంది.

విశ్రాంతి అంటే ఎందుకు భయం

ఆరు వారాలు ఫోర్‌హ్యాండ్ మానేయాలి, టోర్నమెంట్లు ఆపాలి అన్నాను. ముఖం పాలిపోయింది.

"ఆంటీ, ఆపేస్తే నా రేటింగ్ పోతుంది."

"ఎలా పోతుంది నాన్నా? లెక్క చెప్పు."

చెప్పలేకపోయాడు. ప్రో అవుతానన్న కుర్రాళ్లు నా దగ్గరికి ఎంతోమంది వస్తారు, వాళ్లలో ఎక్కువమందికి తమ రేటింగ్ ఎలా తయారవుతుందో తెలియదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే గాయంతో ఆడడానికి వాళ్లు చెప్పే మొదటి కారణం ఇదే.

రేటింగ్‌లో 1000 అంటే మంచి ప్రో ప్రమాణం. టూర్, అంటే మేటి ప్రోలు ఊరూరా తిరిగి ఆడే పోటీల వరసలో ముందువరుసలో ఉండేవాళ్లు 1040 దాకా, ఆపైన కూడా ఉంటారు. మామూలు కోర్సులో 10 పాయింట్లంటే రౌండుకి సుమారు ఒక త్రో. అంటే 962 ఉన్న అబ్బాయి 1040 ఉన్నవాడితో ఆడితే రౌండుకి ఏడెనిమిది త్రోలు వెనకబడతాడు. నాలుగు రౌండ్ల పోటీలో 30 త్రోలు. పెద్ద పోటీలకి నమోదు మొదలైనప్పుడు టూర్ కార్డు ఉన్నవాళ్ల తర్వాత రేటింగ్ ఎక్కువున్నవాళ్లకే ముందు అవకాశం వస్తుంది కాబట్టి ఆ అంకె మీద వాళ్లకి అంత ఆత్రం.

ఆ అంకె వచ్చేది ఇలా. చివరిగా రేటింగుకి ఎక్కిన రౌండు నుంచి వెనక్కి 12 నెలల రౌండ్లు తీసుకుంటారు. వాటిలో ఇటీవలి నాలుగో వంతుని రెండుసార్లు లెక్కలో వేస్తారు. దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. ఆడకుండా కూర్చుంటే 12 నెలల కిటికీ ముందుకి జరగదు, రేటింగ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నొప్పితో ఆడిన చెడ్డ రౌండ్లు మాత్రం రెండింతలై తగులుతాయి. అతని ఆఖరి ఆరు వారాల రౌండ్లు తెరమీద పెట్టి చూపించాను. ప్రతి ఒక్కటీ అతని సగటు కంటే కిందే. రేటింగ్ తగ్గేకొద్దీ పెద్ద పోటీల్లో చోటు దొరక్క, ఆ లోటు తీర్చుకోవడానికి ఇంకా చిన్న పోటీలు పెంచుకుంటూ పోయాడు. చిన్న పోటీల్లో ఒకే రోజు రెండు రౌండ్లు పెడతారు. మోచేతికి అది మరీ కష్టం.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే ఆడకపోవడం వల్ల నాకు నష్టం లేదా?" అన్నాడు. కట్టిన ఎంట్రీ ఫీజుల నష్టం ఉంది, రేటింగ్ నష్టం లేదు అన్నాను.

త్రోలు పోయేది ఎక్కడ

చికిత్స మొదలుపెడుతూనే అతని ఫోన్లో స్కోరు రాసుకునే యూడిస్క్ యాప్‌లో ఉన్న టోర్నమెంటు రౌండ్లన్నీ ఇద్దరం కూర్చుని చూశాం. ఇది ఫిజియో పని కాదనేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో ఇది కచ్చితంగా ఫిజియో పనే. ఏ త్రో అవసరమో తెలియకుండా ఏ త్రోకి ఒళ్లు సిద్ధం చేయాలో ఎలా నిర్ణయిస్తాం?

అతని నమ్మకం ఏమిటంటే తనకి దూరం చాలదు, టూర్‌లో 450, 500 అడుగులు విసిరేవాళ్లున్నారు, తానూ అక్కడికి చేరాలి. దూరం అక్కర్లేదని నేను అనను. విన్‌త్రప్‌లో 888 అడుగుల పొడవుతో పేరుపడ్డ హోల్ ఉంది, అక్కడ దూరం లేనివాడు ముందే ఒక త్రో వెనకబడతాడు. కానీ ఇతను ఆడుతున్న పోటీల్లో ఇతని త్రోలు పోతున్నది దూరం దగ్గర కాదు.

ఎక్కువభాగం బుట్టకి 6 నుంచి 10 మీటర్ల మధ్య పోతున్నాయి. బుట్టలో వేయడానికి దగ్గరనుంచి విసిరే త్రోని పట్ అంటారు. 10 మీటర్ల వలయం లోపల పట్ వేసేటప్పుడు డిస్క్ వదిలాక కూడా, ముందు త్రో పడినచోటు పెట్టిన మార్కర్ వెనకే నిలదొక్కుకుని చూపించాలి, ముందుకి తూలి పడకూడదు. టూర్‌లో మేటి ఆటగాళ్లు అతి దగ్గరవి పక్కనపెట్టి చూసినా ఈ వలయంలో నూటికి 90 దాకా వేస్తారు. ఇతను 70 దగ్గరే ఉన్నాడు. మరో విచిత్రం కనబడింది. మొదటి పది హోల్స్‌లో బాగానే వేస్తున్నాడు, పోయేవన్నీ చివరి ఐదారు హోల్స్‌లోనే. వీడియోలో చూస్తే సంగతి తెలిసింది. అలసిపోయాక మోకాళ్లు వంగడం తగ్గి, నెట్టే పనంతా చేతికి వస్తోంది. డిస్క్ కాస్త కిందుగా వదులుతున్నాడు, అది బుట్ట ముందు అంచుకి ఠంగుమని తగిలి కిందపడుతోంది. ప్రతిసారీ అదే అంచు, అదే చప్పుడు. రాత్రి గోదాములో నిలబడి, శనివారం రెండు రౌండ్లు ఆడితే కాళ్లు అలా కాక ఇంకెలా ఉంటాయి?

తర్వాతి నష్టం ఫోర్‌హ్యాండ్ టీ త్రోలది. నొప్పి మొదలైనప్పటినుంచి చెయ్యి ముందే వదిలేసి దారి మొదట్లో ఉన్న చెట్టుకే కొడుతున్నాడు. హద్దు దాటినందుకు పడిన పెనాల్టీలు దానికి అదనం. పట్లు, ఫోర్‌హ్యాండ్‌లు రెండూ కలిపితేనే రౌండుకి మూడు నాలుగు త్రోలు. పొడుగ్గా విసరలేక పోయినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అయినా అతని సాధన సమయమంతా దూరానికే పోతోంది. దూరం కనబడుతుంది, వీడియో తీసి నలుగురికీ చూపించొచ్చు. చీకటిపడుతుండగా ఒక్కడే నిలబడి 8 మీటర్ల నుంచి పట్లు వేస్తే చూసేవాళ్లెవరు?

డబ్బు సంగతి

వాళ్లమ్మగారికి ఇది విడిగా చెప్పాను, నాన్నగారు ఫోన్లో విన్నారు. పిల్లవాణ్ణి ఆపమనీ అనలేదు, వదిలేయమనీ అనలేదు. లెక్క మాత్రం దాచకుండా చెప్పాను.

డిస్క్ గోల్ఫ్‌లో డబ్బు లేదనడం అబద్ధం. డిస్కులు తయారుచేసే డిస్‌క్రాఫ్ట్ కంపెనీ 2021లో పాల్ మెక్‌బెత్‌తో పదేళ్లకి కోటి డాలర్ల ఒప్పందం చేసుకుంది. అతను 2012 నుంచి వరసగా నాలుగుసార్లు, ఆపైన 2019, 2022లలో కూడా ప్రపంచ చాంపియన్. అంతటివాడికి వచ్చింది ఆ ఒప్పందం. 962 రేటింగ్ ఉన్నవాడి శనివారం ఇంకోలా ఉంటుంది. ఎంట్రీ ఫీజు, పెట్రోలు, ఒక రాత్రి మోటెల్, తిండి, చెరువులో పోయిన డిస్కులు. ప్రో విభాగంలో బహుమతి డబ్బు సుమారుగా పై 40 శాతం మందికే పంచుతారు, అందులో చివరన వచ్చినవాడికి ఎంట్రీ ఫీజుకి కాస్త అటూఇటూ వస్తుంది. ఈ స్థాయిలో స్పాన్సర్‌షిప్ అంటే జీతం కాదు, కొన్ని డిస్కులు, ఒక జెర్సీ, కొనుగోళ్ల మీద తగ్గింపు. టూర్ తిరిగేవాళ్లలో కూడా చాలామంది వ్యాన్లో పడుకుని, తమ పేరు ముద్రించిన డిస్కుల అమ్మకం మీద ఏడాది గడుపుతారు. మెక్‌బెత్ ఒప్పందం చూసి ఈ దారిలోకి వచ్చే కుర్రాళ్లకి ఈ మధ్యమెట్ల గురించి ఎవరూ చెప్పరు. అమెచ్యూర్‌గా గెలిచేవాడు ప్రో విభాగంలో అడుగుపెట్టగానే తనకంటే పెద్దవాళ్ల బహుమతికి ఫీజు కట్టేవాడవుతాడు.

ఇక్కడ వీసా మీద ఉండి ఆడేవాళ్లకి ఒక మాట. ఈ అబ్బాయి ఇక్కడి పౌరుడు కాబట్టి ఆ బాధ లేదు. ఎఫ్‌-1, హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు బహుమతి డబ్బుగానీ స్పాన్సర్ డబ్బుగానీ ముట్టుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగండి. ప్రో విభాగంలో ఆడి డబ్బు వద్దనే వీలు పీడీజీఏ నియమాల్లో ఉంది. అలా చేస్తే అమెచ్యూర్ హోదా కూడా నిలుస్తుంది.

ఆ సాయంత్రం కుదిరిన ఏర్పాటు ఇది. గోదాములో పెట్టెలు ఎత్తే పని మాని స్కానింగ్ పనికి మారతాడు, గంటకి కొంచెం తక్కువ వచ్చినా సరే. ముందే ఫీజు కట్టిన పోటీల్లో సీజన్ చివరవి రెండు ఉంచుకుని మిగతావి వదులుకుంటాడు. ఖాళీ అయిన వారాంతాల్లో తెలిసినవాళ్ల పిల్లలకి ఈలాన్ పార్కులో ఆట నేర్పుతాడు. ఈ ఆఖరి ఆలోచన వాళ్ల నాన్నగారిది. నేర్పితే వచ్చిన డబ్బు, అప్పటిదాకా అతను టోర్నమెంట్లలో గెలుచుకున్నదానికంటే ఎక్కువని తర్వాత తెలిసింది.

చికిత్స

మొదటి రెండు వారాలు కండరాన్ని కదపకుండా బిగించి పట్టే వ్యాయామాలు. మణికట్టు బల్ల అంచుకి ఆనించి, పైకి నెట్టి 40 సెకన్లు పట్టి ఉంచడం. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు ఉదయానికి ముందురోజు కంటే ఎక్కువ ఉండకూడదు. ఈ రెండో నియమమే ముఖ్యమని ప్రతిసారీ గుర్తుచేసేదాన్ని, ఎందుకంటే టెండన్ అప్పటికప్పుడు ఊరుకుని మర్నాడు చెబుతుంది. తర్వాత బరువుతో నెమ్మదిగా మణికట్టు వంచడం, ఒకవైపే బరువున్న కర్ర పట్టుకుని ముంజెయ్యి తిప్పడం. చిటికెన వేలి తిమ్మిరి పెట్టెలు ఎత్తడం ఆపిన పది రోజుల్లోనే తగ్గిపోయింది.

ఎడమ తుంటి మీద పెట్టినంత సమయం మోచేతి మీద పెట్టలేదు. నేలమీద కూర్చుని రెండు మోకాళ్లు ఒకేవైపు వాల్చి తిప్పడం, ఎడమ చీలమండ ముందుకి వంగేలా గోడకి ఆనించి మోకాలు నెట్టడం, ఆపైన ఎడమకాలి మీదే నిలబడి మెడిసిన్ బాల్ పక్కకి విసరడం. విసుగు పుట్టించే పనులే. చేశాడు.

పట్టింగ్ మాత్రం మొదటిరోజు నుంచీ ఆపలేదు. పట్ మోచేతి లోపలివైపు పెద్దగా భారం వేయదు. పైగా అతను త్రోలు పోగొట్టుకుంటున్నది అక్కడే. రోజూ కాళ్లు అలిసేదాకా స్క్వాట్లు చేయించి, ఆ వెంటనే 8 మీటర్ల నుంచి పట్లు వేయించాను. అలసిన కాళ్లతోనే మోకాలు వంచడం అలవాటు కావాలి. బుట్ట అంచు చప్పుడు వినబడితే ఆ వరస మళ్లీ మొదటినుంచి.

నొప్పి లేకుండా రెండు చేతుల పిడికిలి బలం సమానమయ్యాక ఫోర్‌హ్యాండ్ మొదలుపెట్టాం. ముందు కదలకుండా నిలబడి పటర్‌తో, అంటే దగ్గరి త్రోల డిస్క్‌తో, 30 మీటర్లు. తర్వాత మధ్యదూరానికి వాడే మిడ్‌రేంజ్ డిస్క్, తర్వాత రెండడుగుల పరుగుతో ఎక్కువ దూరానికి వాడే డ్రైవర్ డిస్క్. తేదీలు పెట్టలేదు, త్రోల సంఖ్య పెట్టాను. వారం మొత్తానికి ఇన్ని గట్టి త్రోలు అని ఒక హద్దు. సాధనలో విసిరినా పోటీలో విసిరినా అందులోనే. హద్దు అయిపోతే మిగతావారం పట్లే.

ఈ హద్దు అతని ఆటనే మార్చింది. ఫోర్‌హ్యాండ్ పొదుపుగా వాడాల్సి రావడంతో, కుడికి తిరిగే దారుల్లో కొన్నిటికి తేలిగ్గా కుడికి ఒరిగే డిస్క్ తీసుకుని బ్యాక్‌హ్యాండ్‌తోనే ఆడడం నేర్చుకున్నాడు. ఎదురుగాలి ఉంటే అలాంటి డిస్క్ ఇంకా ఒరిగిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో ఫోర్‌హ్యాండ్, లేని రోజుల్లో బ్యాక్‌హ్యాండ్. తనకి తానే ఒక పట్టిక రాసుకుని సంచి జేబులో పెట్టుకున్నాడు. ఏ కోచ్ చెప్పినా అతను అంత త్వరగా నేర్చుకునేవాడు కాదని నా నమ్మకం.

ఇప్పుడు

ఆ సీజన్ చివర ఉంచుకున్న రెండు పోటీలూ ఆడాడు. మొదటిదాంట్లో మధ్యలో నిలిచాడు. రెండోదాంట్లో బహుమతి డబ్బు అందుకున్నవాళ్లలో చివరినుంచి మూడోవాడు. వలయం లోపల పట్లు 80 శాతం దాటాయి, చివరి హోల్స్‌లో కూడా. మరుసటి ఏడు వేసవికి రేటింగ్ 984కి చేరింది. అంటే రౌండుకి రెండు త్రోలు తగ్గాయి, టీ దగ్గర దూరం ఒక్క అడుగు కూడా పెరగకుండానే.

టూర్ ఆటగాడు అవుతాడా అని వాళ్లమ్మగారు ఇప్పటికీ అడుగుతారు. 984కి, టూర్‌లో డబ్బు గెలిచేవాళ్లకి మధ్య ఇంకా రౌండుకి నాలుగైదు త్రోలున్నాయి. వాటిలో ఒకటి రెండు దూరంవల్లే రావాలి, పట్టింగుతో ఇక అంత మిగల్లేదు. కాబట్టి ఈ శీతాకాలం దూరం మీద పనిచేస్తాం. ఈసారి ఎడమ తుంటి సహకరిస్తుంది, రాత్రిపూట పెట్టెలు లేవు. ఆ తేడాతో చెయ్యి తట్టుకుంటుందనే నా అంచనా. రేటింగ్ 1000 దాటితే పెద్ద పోటీలకి ముందు జరిగే సోమవారం క్వాలిఫయర్లు, అంటే అర్హత పోటీలు ప్రయత్నించాలని అతని కోరిక. నేను సరేనన్నాను, ఒక షరతుతో. ఒకే వారంలో క్వాలిఫయరూ, మరో చిన్న పోటీ రెండూ పెట్టుకోకూడదు.

ఈ మూడింటిలో ఏది కనిపించినా ఫోర్‌హ్యాండ్ ఆపి నాకు ఫోన్ చేయాలని ఒప్పందం: చిటికెన వేలు తిమ్మిరి, ఉదయం లేచేసరికి ముందురోజు కంటే ఎక్కువ నొప్పి, రెండు చేతుల పిడికిలి బలంలో తేడా. పిడికిలి కొలిచే పరికరం ఇంటికి కొనిపించాను, ప్రతి సోమవారం కొలిచి అంకెలు పంపుతున్నాడు. డిసెంబరులో తుంటి కొలతలు మళ్లీ తీసి, వాటినిబట్టి వారానికి గట్టి త్రోల హద్దు పెంచాలో వద్దో నిర్ణయిస్తాం.